క్వైట్ గుడ్ అంటే బాగుందా, బాగానే ఉందా?

మీరు పంపిన రిపోర్టు చదివి లండన్ మేనేజరు "ఇట్స్ క్వైట్ గుడ్" అని జవాబిచ్చాడనుకోండి. అదే రిపోర్టుకి డల్లాస్ మేనేజరు కూడా అక్షరం పొల్లుపోకుండా అదే మాట రాశాడనుకోండి. డల్లాస్ నుంచి వచ్చింది మెప్పు. లండన్ నుంచి వచ్చింది మెప్పు కావచ్చు, కాకపోవచ్చు. మన మాటల్లో చెప్పాలంటే డల్లాస్ ఆయన "బాగుంది" అన్నాడు, లండన్ ఆయన "బాగానే ఉంది" అన్నాడు.

ఆ "నే" చేసే పని తెలుగువాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. పెళ్లిచూపులకి వెళ్లొచ్చినవాళ్లని "అబ్బాయి ఎలా ఉన్నాడు?" అని అడిగితే "బాగున్నాడు" అనడం వేరు, "బాగానే ఉన్నాడు" అనడం వేరు. రెండో జవాబు విన్నవాళ్లు "ఏం, ఏమైంది?" అని వెంటనే అడుగుతారు. క్వైట్ అనే మాటని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి తాళంచెవి లేదు. చిక్కల్లా ఎక్కడొస్తోందంటే, బళ్లో మనకి క్వైట్ అంటే "చాలా" అని ఒకే ఒక్క అర్థం నేర్పి వదిలేశారు. నిజానికి దానికి మూడు అర్థాలున్నాయి: పూర్తిగా, బాగానే, చాలా. ఏ వాక్యంలో ఏది పనిచేస్తోందో పట్టుకోవడమే అసలు విద్య.

ముందు స్పెల్లింగు

లైబ్రరీ గోడ మీదా, ఆసుపత్రి వరండాలోనూ నిశ్శబ్దంగా ఉండమని రాయబోయి క్వైట్ అని రాసిన బోర్డులు మన దగ్గర కొల్లలు. తప్పు ఎందుకొస్తుందో చెప్పడం తేలికే. తెలుగు ఉచ్చారణలో రెండు మాటలూ ఒకటైపోయాయి. తెలుగు లిపిలో కూడా రెంటినీ "క్వైట్" అనే రాస్తాం. అందుకని ఈ వ్యాసంలో మాత్రం నిశ్శబ్దం అనే అర్థమున్నదాన్ని క్వయెట్ అని రాస్తున్నాం.

మన క్వైట్‌కి అక్షరాలు క్యూ, యూ, ఐ, టీ, ఈ. చివరి ఈ పలకదు, ఐ ని సాగదీయడం ఒక్కటే దాని పని. వైట్, కైట్, బైట్ అన్నీ ఈ కుటుంబమే, వాటికీ చివర టీ-ఈ ఉంటుంది. నిశ్శబ్దపు క్వయెట్‌కి చివర ఐ, ఈ, టీ. బరువు తగ్గడానికి చేసే డయెట్ కూడా ఇలాగే ముగుస్తుంది. మనం దాన్ని కూడా "డైట్" అనేస్తాం, అది వేరే సంగతి. ఇంగ్లీషువాళ్ల నోట క్వయెట్‌లో రెండు దెబ్బలు వినిపిస్తాయి, క్వై-అట్ అని. క్వైట్‌లో ఒకటే దెబ్బ. మూడోది క్విట్, అంటే మానేయడం. దానికి చివర ఈ లేదు కాబట్టి ఐ సాగదు.

కంప్యూటర్‌లోని స్పెల్లింగు చెకర్ ఈ తప్పుని తరచుగా వదిలేస్తుంది, ఎందుకంటే మూడూ సరైన మాటలే. "ఐ యామ్ క్వయెట్ హ్యాపీ" అని మెయిల్ పంపితే అవతలివాళ్లకి "మౌనంగా సంతోషంగా ఉన్నాను" అన్నట్టు చేరుతుంది. పంపేముందు ఈ ఒక్క మాటని వెతికి చూసుకోవడం మంచిది.

సరదాకి ఒక మాట: ఈ మూడూ ఒక తల్లి బిడ్డలే. లాటిన్‌లో ప్రశాంతం అనే అర్థమున్న "క్వియేటస్" అనే మాట పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి ఇలా చీలిపోయింది. బాకీ తీరిపోయి విడుదలైన, ఏ పీడా మిగలని, అనే అర్థం నుంచి క్వైట్‌కి "పూర్తిగా" అనే అర్థం వచ్చింది. ముందు పుట్టింది ఆ అర్థమే. "బాగానే" అన్నది చాలా తర్వాత మొలిచిన కొమ్మ.

పూర్తిగానా, బాగానేనా: "కొంచెం" పరీక్ష

క్వైట్ పక్కన నిలబడ్డ మాటని బట్టి దాని అర్థం మారుతుంది. ఆ మాట ఏ జాతిదో తేల్చడానికి తెలుగులోనే ఒక పరీక్ష ఉంది. దాని తెలుగు అర్థానికి ముందు "కొంచెం" పెట్టి చూడండి.

కొంచెం వేడి, కొంచెం ఖరీదు, కొంచెం దూరం, కొంచెం కష్టం. ఇవన్నీ అతుకుతాయి. అంటే వీటికి కొలత ఉంది, ఎక్కువా తక్కువా అవుతాయి. ఇలాంటి మాట పక్కన చేరితే బ్రిటిష్ ఇంగ్లీషులో క్వైట్ "బాగానే" అవుతుంది. "క్వైట్ హాట్" అంటే వేడిగానే ఉంది. "క్వైట్ ఎక్స్‌పెన్సివ్" అంటే ఖరీదైనదే. "క్వైట్ ఫార్" అంటే దూరమే.

కొంచెం అసాధ్యం, కొంచెం చచ్చిపోయాడు. ఇవి అతకవు. అసాధ్యమైతే అసాధ్యమే, అందులో పావూ ముప్పావూ ఉండవు. ఈ జాతి మాటల పక్కన క్వైట్ తన పాత అర్థానికి వెళ్లిపోతుంది. "క్వైట్ ఇంపాజిబుల్" అంటే పూర్తిగా అసాధ్యం. "క్వైట్ రైట్" అంటే నూటికి నూరుపాళ్లు నిజం. "క్వైట్ డెడ్" అంటే ప్రాణం బొత్తిగా లేదు. "క్వైట్ షూర్", "క్వైట్ సర్టన్", "క్వైట్ రాంగ్" కూడా ఇంతే. "ఐ యామ్ క్వైట్ షూర్" అన్నవాణ్ణి "ఏమో, కాస్త అనుమానంగా ఉన్నట్టున్నాడు" అనుకుంటే మీరే పొరబడ్డట్టు.

ఇంకో గుంపు ఉంది. అమేజింగ్, డెలిషియస్, ఎక్స్‌ట్రార్డినరీ, రిడిక్యులస్, ఎగ్జాస్టెడ్ లాంటివి. వీటిలో "చాలా" అనే భావం ముందే ఇమిడి ఉంది. డెలిషియస్ అంటేనే చాలా రుచిగా ఉందని. వీటి పక్కన క్వైట్ పెడితే తగ్గదు, పెరుగుతుంది. అందుకే "క్వైట్ టేస్టీ" కంటే "క్వైట్ డెలిషియస్" ఎంతో ఎక్కువ మెప్పు. "క్వైట్ టైర్డ్" అంటే అలసిపోయినట్టే ఉంది, "క్వైట్ ఎగ్జాస్టెడ్" అంటే ఒంట్లో ఓపిక ఇక లేదు.

కొన్ని మాటలు గోడ మీద పిల్లులు. "డిఫరెంట్" చూడండి. "కొంచెం వేరు" అని అనొచ్చు కాబట్టి పరీక్ష ప్రకారం "బాగానే" కావాలి. కానీ "క్వైట్ డిఫరెంట్" అంటే మామూలుగా పూర్తిగా వేరు అనే. దాని ఎదురుమాట "సిమిలర్" మాత్రం బుద్ధిగా నడుస్తుంది, "క్వైట్ సిమిలర్" అంటే బాగానే పోలికలున్నాయి. "సేఫ్", "ఫుల్", "ఎంప్టీ", "క్లియర్" ఎటైనా తిరగొచ్చు. "యూ ఆర్ క్వైట్ సేఫ్ హియర్" అని ధైర్యం చెబితే పూర్తిగా భద్రమనే. అదే మాట ఒక యంత్రం వాడకం గురించో మందు గురించో రాస్తే చదివేవాడికి సందేహం మిగులుతుంది. పూర్తిగా భద్రమా, ఓ మోస్తరు భద్రమా? ప్రాణాలతోనూ డబ్బుతోనూ ముడిపడ్డ రాతల్లో క్వైట్‌ని ఈ మాటల పక్కన పెట్టకండి. "కంప్లీట్లీ" అనో "ఫెయిర్లీ" అనో తేల్చి రాయండి.

ఒత్తు ఎక్కడ పడింది

నోటిమాటలో అయితే ఇంకో ఆధారం దొరుకుతుంది. బ్రిటిష్‌వాళ్లు "ది ఫుడ్ వాజ్ క్వైట్ గుడ్" అనేటప్పుడు క్వైట్ మీద ఒత్తి పలికితే వెనకాల "కానీ" రాబోతోందని అర్థం. వంట బాగానే ఉంది గానీ వడ్డనే... అని. అలా కాకుండా గుడ్ మీద ఒత్తు పడితే, అనుకున్నదానికన్నా బాగుందే అని. తెలుగులో కూడా "బాగా...నే ఉంది" అని సాగదీస్తే ఒక అర్థం, "బాగానే ఉందే!" అని చివర ఎత్తితే ఇంకో అర్థం కదా, అచ్చం అంతే.

మెయిల్‌లో ఒత్తు వినిపించదు. అందుకే గొడవంతా మెయిళ్లలోనే. బ్రిటన్ నుంచి "క్వైట్ గుడ్" వస్తే మూడు పనులు చేయండి. ఆ వాక్యం తర్వాత బట్, ఆల్‌దో, పెర్‌హాప్స్ లాంటి మాటలున్నాయేమో చూడండి. ఉంటే అసలు విషయం అక్కడుంది. తర్వాత, అదే మనిషి వేరే పనులకి "వెరీ గుడ్", "ఎక్సలెంట్" అని రాసిన సందర్భాలు గుర్తుతెచ్చుకోండి. వాటి పక్కన పెడితే దీని బరువు తెలుస్తుంది. అప్పటికీ తేలకపోతే "ఈజ్ దేర్ ఎనీథింగ్ యూ వుడ్ చేంజ్?" అని అడిగేయండి. ఆ ప్రశ్న వేస్తే మనసులో దాచుకున్న "కానీ" బయటికొస్తుంది.

అమెరికాలో ఈ మల్లగుల్లాలు తక్కువ. అక్కడ కొలత ఉన్న మాటల పక్కన కూడా క్వైట్ అంటే "చాలా"కి దగ్గరే. మన ఇంగ్లీషు బ్రిటిష్ వ్యాకరణం పుస్తకాల నుంచి వచ్చినా, మనం మాట్లాడే క్వైట్ ఎక్కువగా అమెరికా క్వైట్‌లాగే ఉంటుంది. కాబట్టి చిక్కు రెండు వైపులా. మీరు పొగుడుతూ "యువర్ ప్రెజెంటేషన్ వాజ్ క్వైట్ గుడ్" అన్నా లండన్‌లో వినేవాళ్లకి ముఖం చిన్నబోవచ్చు. నిజంగా మెచ్చుకోవాలంటే క్వైట్ జోలికి పోకుండా "వెరీ గుడ్", "రియల్లీ గుడ్" అనండి. ఈ రెండూ ఎక్కడైనా చెల్లుతాయి.

వాక్యంలో చోటు

వెరీ లోపల, క్వైట్ బయట. ఈ నాలుగు మాటలు గుర్తుంటే సగం తప్పులు పోతాయి. "ఎ వెరీ గుడ్ బుక్" అంటాం, వెరీ వచ్చి ఎ కి, గుడ్‌కి మధ్య దూరింది. క్వైట్ అలా దూరదు, ఎ కి ముందే నిలబడుతుంది: "క్వైట్ ఎ గుడ్ బుక్". ఎ నా యాన్ నా అన్నది తర్వాతి మాటని బట్టి: "క్వైట్ ఎ బిగ్ హౌస్", "క్వైట్ యాన్ ఓల్డ్ హౌస్". పూర్తిగా అనే అర్థంలో మాత్రం లోపలికి రానిస్తారు: "ఎ క్వైట్ డిఫరెంట్ ప్రాబ్లమ్".

మధ్యలో విశేషణం లేకుండా నేరుగా నామవాచకం పెడితే ఇంకో రుచి వస్తుంది. "దట్ వాజ్ క్వైట్ ఎ మ్యాచ్!" అంటే "మ్యాచ్ అంటే అదీ!" అని. "హీ ఈజ్ క్వైట్ ఎ క్యారెక్టర్" అంటే వాడో రకం మనిషి అని, మెప్పూ వెక్కిరింపూ కలగలిపి. ఎ బదులు ది పెట్టి "క్వైట్ ది ఎక్స్‌పర్ట్" అంటే చాలాసార్లు అందులో ఓ చురక ఉంటుంది. మనం "మహా మేధావి వచ్చాడండీ" అంటామే, ఆ వరస.

క్రియతో అయితే క్రియకి ముందు: "ఐ క్వైట్ లైక్ ఇట్". ఇది బ్రిటిష్ వాడుక. నచ్చింది, మరీ పడి చచ్చేంత కాదు అని అర్థం. "ఐ క్వైట్ ఎంజాయ్డ్ ఇట్" కూడా అంతే. కానీ "ఐ క్వైట్ అగ్రీ", "ఐ క్వైట్ అండర్‌స్టాండ్" అంటే పూర్తిగా ఒప్పుకుంటున్నా, పూర్తిగా అర్థమైంది అని. "ఐ లైక్ ఇట్ క్వైట్" అని చివర పెడితే వాక్యం కుంటుతుంది. చివరే కావాలంటే "క్వైట్ ఎ లాట్" అని పూర్తిచేయాలి.

అన్ని క్రియలకీ ఇది అతకదు. "ట్రాఫిక్ హ్యాజ్ క్వైట్ ఇన్‌క్రీజ్డ్" అని మన ఆఫీసుల్లో వినిపిస్తుంది. "ట్రాఫిక్ బాగా పెరిగింది"లో "బాగా" క్రియకి ముందుంది కాబట్టి క్వైట్‌ని కూడా అక్కడే కూర్చోబెడతాం. సరైనది "ట్రాఫిక్ హ్యాజ్ ఇన్‌క్రీజ్డ్ క్వైట్ ఎ బిట్".

కాదు, లేదు వచ్చినప్పుడు

తెలుగువాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. "నాకు పూర్తిగా అర్థం కాలేదు" అనే వాక్యంలో "పూర్తిగా" ముందూ "కాలేదు" వెనకా ఉన్నాయి. ఆ వరసనే పట్టుకుని "ఐ క్వైట్ డోంట్ అండర్‌స్టాండ్" అంటాం. ఇంగ్లీషులో నాట్ ముందు, క్వైట్ తర్వాత: "ఐ డోంట్ క్వైట్ అండర్‌స్టాండ్". చాలావరకు అర్థమైంది, ఎక్కడో ఓ ముడి మిగిలింది అని దీని భావం. ఎదుటివాడి తప్పు అన్నట్టు కాకుండా నా బుర్రకే ఎక్కలేదన్నట్టు వినిపిస్తుంది కాబట్టి మీటింగుల్లో భలే పనికొస్తుంది.

నాట్ క్వైట్ అంటే గీత దాకా వచ్చి ఆగడం. "నాట్ క్వైట్ రెడీ" అంటే ఇంకాస్త పని మిగిలింది. "నాట్ క్వైట్ ఎ కిలో" అంటే కేజీకి కాస్త తక్కువ తూగింది. "నాట్ క్వైట్ ట్రూ" అంటే అబద్ధం అనడానికి మర్యాద అడ్డొచ్చినప్పుడు వాడే మాట. "నాట్ క్వైట్ వాట్ ఐ ఎక్స్‌పెక్టెడ్" అని బ్రిటిష్ క్లయింటు రాస్తే చిన్న మార్పుతో సరిపోతుందని సంబరపడకండి. బొత్తిగా నచ్చలేదన్నది కూడా వాళ్లు ఇలాగే చెప్పగలరు.

ఇక్కడ క్వైట్ ఎప్పుడూ "పూర్తిగా" అనే అర్థంలోనే ఉందని గమనించారా? "బాగానే" అన్నదానికి నాట్ అతకదు. అందుకే "కూర అంత బాగాలేదు" అనడానికి "ది కర్రీ ఈజ్ నాట్ క్వైట్ గుడ్" పనికిరాదు. "నాట్ వెరీ గుడ్" అనాలి.

జనం బాగానే వచ్చారు

"ఫ్యూ" అంటే కొద్దిమంది. "క్వైట్ ఎ ఫ్యూ" అంటే చాలామందే. మాటకి మాట పెట్టుకుంటూ పోతే ఇది ఎప్పటికీ తేలదు. "జనం బాగానే వచ్చారు" అనే వాక్యాన్ని పక్కన పెట్టుకుంటే తేలుతుంది: "క్వైట్ ఎ ఫ్యూ పీపుల్ కేమ్". మధ్యలో ఎ ని మింగేసి "క్వైట్ ఫ్యూ" అంటే మాత్రం మొదటికే మోసం, జనం పలచగా వచ్చారనే అర్థం తగులుతుంది. "ఓన్లీ ఎ ఫ్యూ" అన్నది కూడా "క్వైట్ ఎ ఫ్యూ"కి సరిగ్గా ఎదురు.

లెక్కపెట్టలేనివాటికి "క్వైట్ ఎ బిట్ ఆఫ్ మనీ", "క్వైట్ ఎ లాట్ ఆఫ్ వాటర్". కాలానికి "క్వైట్ సమ్ టైమ్" అంటే చాలాసేపే, చాన్నాళ్లే. "క్వైట్ మెనీ", "క్వైట్ మచ్" మాత్రం వద్దు. వెరీ మెనీ, వెరీ మచ్ ఉన్నాయి కదా అని వీటిని అల్లుకుంటాం, ఇంగ్లీషువాళ్ల చెవికి అవి గుచ్చుకుంటాయి.

"ఇంకా బాగుంది", "దానికన్నా చవక" లాంటి పోలికలకి క్వైట్ నేరుగా అంటుకోదు. "క్వైట్ చీపర్" తప్పు. "క్వైట్ ఎ బిట్ చీపర్" లేదా "మచ్ చీపర్" అనాలి. ఒకే ఒక్క మినహాయింపు "క్వైట్ బెటర్", అదీ జబ్బు పూర్తిగా నయమైందని చెప్పేటప్పుడు, అదీ బ్రిటన్‌లో. "క్వైట్ వెరీ గుడ్" అని రెండూ కలిపి వండకండి. "చాలా చాలా బాగుంది" అనడం మనకి అలవాటు గానీ, ఆ జంటకి ఇంగ్లీషులో "వెరీ వెరీ గుడ్" ఉండనే ఉంది.

ఒంటరిగా వచ్చినప్పుడు

బ్రిటిష్ పెద్దమనిషి మీ మాటంతా విని "క్వైట్" అని ఆపేస్తే "అవును మరి" అన్నాడని అర్థం. "క్వైట్ సో" కూడా అదే. ఇప్పుడది కాస్త పాతకాలపు దర్జాగా వినిపిస్తుంది. విని అర్థం చేసుకుంటే చాలు, వాడాల్సిన పని లేదు. రోజూ పనికొచ్చేది "దట్స్ క్వైట్ ఆల్ రైట్". ఎవరైనా సారీ చెబితే "అయ్యో, పర్లేదండీ" అనడానికి ఇది సరిగ్గా సరిపోతుంది. "దట్స్ క్వైట్ ఎనఫ్" అన్నారంటే మాత్రం వడ్డన ఆపమని కాకపోవచ్చు, నోరు మూసుకోమని కావచ్చు. "హ్యావ్ యూ క్వైట్ ఫినిష్డ్?" మరీను. "అయిందా నీ గోల?" అని.

ఇప్పుడు చేయి తిప్పి చూడండి

కింది మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి, తర్వాత జవాబు చూడండి.

సినిమా బాగానే ఉంది, పాటలే తేలిపోయాయి. "ది ఫిల్మ్ వాజ్ క్వైట్ గుడ్, బట్ ది సాంగ్స్ వర్ వీక్." వెనక బట్ ఉంది కాబట్టి ఏ దేశంలోనైనా అర్థమవుతుంది.

మీరు చెప్పింది అక్షరాలా నిజం. "యూ ఆర్ క్వైట్ రైట్."

సినిమా అద్భుతం, తప్పక చూడండి. ఇక్కడ క్వైట్ వద్దు. "రియల్లీ వండర్‌ఫుల్" చాలు.

అన్నం ఇంకా పూర్తిగా ఉడకలేదు. "ది రైస్ ఈజ్ నాట్ క్వైట్ కుక్డ్." "క్వైట్ నాట్ కుక్డ్" అని రాసి ఉంటే కాదు, లేదు అన్న భాగం ఇంకోసారి చదవండి.

అద్దె బాగా పెరిగింది. "ది రెంట్ హ్యాజ్ గాన్ అప్ క్వైట్ ఎ బిట్."

మా బస్సు కోసం చాలాసేపే నిలబడ్డాం. "వుయ్ వెయిటెడ్ క్వైట్ సమ్ టైమ్ ఫర్ అవర్ బస్."

పిల్లలూ, అల్లరి చేయకండి. "కీప్ క్వయెట్." బోర్డు మీద రాస్తుంటే చివర ఐ, ఈ, టీ.